తొమ్మిదో గది తలుపు వెనక

ఆ సినిమా బెజవాడలో ఒక్క వారం ఆడింది. ఆ వారంలోనే మా పెద్ద పిల్లకి ఆటలమ్మ పోసింది. ఇంట్లో అమ్మవారు ఉండగా గడప దాటకూడదని మా అత్త పట్టుబట్టింది. పిల్లకి వేపాకు నీళ్ళు పోసిన రోజునే హాలు దగ్గరికి పరుగెత్తాను. గోడ మీద ఆ పోస్టరు మీదే వేరే సినిమా పోస్టరు అంటించేశారు. జిగురు ఇంకా తడిగానే ఉంది. ఆ తరవాత నలభై ఏళ్ళకి పైగా ఆ సినిమా నాకు కనబడలేదు.

హీరో ఎవరో, పాటలు ఎలా ఉన్నాయో నాకు పట్టలేదు. ఆ సినిమాలో నాకు కావలసింది ఒక తలుపు.

ఆ రోజుల్లో నేను స్టేషను ఎదురు సందులో ఒక లాడ్జీలో ఊడ్చే పని చేసేదాన్ని. రెండంతస్తులు, పద్నాలుగు గదులు. నాకు అంకెలు కూడా రావు. మెట్లెక్కగానే కుడి చేతి వైపు నుంచి తలుపులు లెక్కపెట్టుకుంటూ పోయేదాన్ని. ఊడ్చిన గది గడప మీద సుద్దతో ఒక గీత, దుప్పటి మార్చాల్సిన గదికి రెండు గీతలు, మనిషి ఉన్న గదికి సున్నా. గుమాస్తా గారు రిజిస్టరు చూసుకుంటే నేను గడపలు చూసుకునేదాన్ని. మా ఇద్దరికీ ఎప్పుడూ తేడా రాలేదు.

ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళకి ఆ లాడ్జీలో గది ఇచ్చేవారు కాదు. ఆ అమ్మాయికి మాత్రం ఇచ్చారు. పరీక్ష రాయడానికి వచ్చానని, సాయంత్రం బండికి నాన్న దిగుతాడని చెప్పింది. మనిషి నిదానంగా, నమ్మేటట్టు మాట్లాడింది. గుమాస్తా గారు తొమ్మిదో గది తాళం ఇచ్చారు. సాయంత్రం బండి వచ్చింది, పోయింది. మర్నాటి బండి కూడా పోయింది. నాన్న రాలేదు. గుమాస్తా గారు అడిగితే టెలిగ్రాం వచ్చింది, ఎల్లుండి వస్తాడు అంది.

పంతొమ్మిది, ఇరవై ఏళ్ళుంటాయి. గది దాటి బయటికి వచ్చేది కాదు. నేను ఊడవడానికి వెళితే మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చునేది, నేను ఆ మూలా ఈ మూలా తిరుగుతుంటే నా వైపే చూసేది. మాట్లాడడానికి మనిషి కావాలన్నట్టు ఉండేది ఆ చూపు.

గూళ్ళలో పరచడానికని నా దగ్గర పాత వారపత్రికలు ఉండేవి. పని మధ్యలో మెట్ల మీద కూర్చుని వాటిలో బొమ్మలు చూడడం నాకు సరదా. ఆ అమ్మాయి ఒకసారి తలుపు సందులోంచి చూసినట్టుంది.

“ఏం చదువుతున్నావక్కా? సీరియలా?”

నాకు చదువు రాదని ఒక్క మాట అంటే సరిపోయేది. అంత నీటుగా మాట్లాడే పిల్ల నన్ను అక్కా అని పిలిచి, నేను చదువుతున్నాననుకుంటే, కాదని చెప్పబుద్ధి కాలేదు.

“ఆఁ, సీరియలే” అన్నాను.

“ఏంటి కథ?”

బొమ్మలో ఒకావిడ కిటికీ దగ్గర నిలబడి ఉంది. కింద వీధిలో ఒకాయన గొడుగు పట్టుకుని ఉన్నాడు. “ఆయన ఈవిడకి గొడుగు ఇవ్వడానికి వచ్చాడు. ఈవిడ దిగట్లేదు” అన్నాను.

“ఎందుకు దిగదు?”

“ఆ గొడుగు ఈవిడదే. పోయినేడు వీడే ఎత్తుకుపోయాడు.”

ఆ అమ్మాయి పడీ పడీ నవ్వింది. ఆ గదిలో నవ్వడం అదే మొదలు, అదే ఆఖరు. అప్పటినుంచి నేను కనబడితే చాలు, “అక్కా, గొడుగు ఇచ్చాడా?” అని అడిగేది. నేను రోజూ ఇంత కల్పించి చెప్పేదాన్ని.

అయిదో రోజు పొద్దున్నే నేను వెళ్ళేసరికి మంచం మీద సంచి సర్ది ఉంది. చేతిలో కాటుక డబ్బీ, నా చీపురులోంచి రాలిన పుల్ల ఒకటి. తలుపు దగ్గరగా వేసి వెనక వైపు చూపించింది. కింద గడియకి దిగువన, మోకాలెత్తులో, కాటుకతో నాలుగు వరుసలు రాసి ఉన్నాయి.

“అక్కా, ఇది నీకు. పైకి అంటే ఎవరన్నా వింటారు. నువ్వొక్కదానివే చదువు. ఇంకెవరికీ చూపించకు. చదివాక తుడిచెయ్యి.”

“సరేనమ్మా” అన్నాను.

“అర్థమవుతుందిగా? పుల్లతో రాయడం, అక్షరాలు బాగా పడలా.”

“ఎందుకవదు! బాగానే ఉన్నాయిగా” అన్నాను, ఆ నాలుగు వరుసలకేసి చూస్తూ.

ఆ అమ్మాయి నా రెండు చేతులూ పట్టుకుంది. చల్లగా ఉన్నాయి ఆ చేతులు. నేను బకెట్టు తీసుకుని పక్క గదిలోకి వెళ్ళి వచ్చేటప్పటికి తొమ్మిదో గది ఖాళీ. కిందికి దిగడం గుమాస్తా గారు చూడలేదన్నారు. ఎదురు కిళ్ళీకొట్టు ఆయనా చూడలేదన్నాడు. తాళంచెవి తలుపుకే ఉంది. సున్నా చుట్టిన ఆ గడప మీద ఏం గియ్యాలో తెలీక సుద్ద పట్టుకుని నిలబడిపోయాను.

ఆ రాత నేను తుడవలేదు. చదివాక తుడవమంది, నేను చదవలేదు మరి. గుమాస్తా గారిని అడిగితే చదివి చెప్పేవారే. కానీ ఆయనకి ఒక సంగతి తెలిస్తే మధ్యాహ్నానికల్లా కిళ్ళీకొట్టుకి తెలిసేది. ఆ లాడ్జీ తలుపుల మీదా గోడల మీదా ఎక్కడ చూసినా రాతలే. రైళ్ళ టైములు, పరీక్షకి వచ్చిన కుర్రాళ్ళ లెక్కలు, బాణం గుచ్చిన గుండెకాయలు. వాటిలో ఈ నాలుగు వరుసలు ఎవరి కంటా పడలేదు. తడిగుడ్డ పెట్టేటప్పుడు అక్కడ మాత్రం చెయ్యి ఆపేదాన్ని.

మర్నాడు ఇద్దరు మగవాళ్ళు వచ్చారు. ఆ అమ్మాయి అన్నలు. నర్సు ట్రైనింగుకి పోతానని ఇంట్లోంచి వచ్చేసిందట. గుమాస్తా గారు రిజిస్టరు తీసి చూపించారు. అందులో రాసింది వేరే పేరు. పెద్దాయన నా మీదికి వచ్చి, “నువ్వేగా గది ఊడ్చేది? ఎటు పోయింది?” అన్నాడు. అతని గొంతుకే భయమేసింది. “నాకు తెలీదు బాబూ, ఏం చెప్పలేదు” అన్నాను. వాళ్ళు వెళ్ళిపోయారు.

నాలుగు రోజులు పోయాక వాళ్ళమ్మ వచ్చింది. ఉయ్యూరు నుంచి పొద్దున బస్సుకి. తెల్లచీర, చేతిలో గుడ్డసంచి. బండికి దిగుతాడని ఆ పిల్ల చెప్పిన నాన్న పోయి అప్పటికి ఆరేళ్ళయిందని ఆవిడ చెబితేనే తెలిసింది.

ఆవిడ గది అడగలేదు. మెట్ల మీద, ఎక్కేవాళ్ళకి అడ్డం కాకుండా గోడవారన కూర్చుంది. పొద్దుటి బస్సుకి రావడం, సాయంత్రం బస్సుకి వెళ్ళడం. అలా మూడు రోజులు. టీ తెచ్చిచ్చేదాన్ని. గ్లాసు రెండు చేతులా పట్టుకుని చల్లారేదాకా తాగకుండా కూర్చునేది.

“ఏమన్నా చెప్పిందా తల్లీ నీతో?”

“లేదమ్మా.”

“నేనొక్కదాన్నే వచ్చాను. మావాళ్ళకి తెలీదు. ఉంగుటూరులో మా చెల్లెలికి బాగాలేదని చెప్పి వస్తున్నా.”

“ఏం చెప్పలేదమ్మా” అన్నాను మళ్ళీ.

మెట్ల మీది నుంచి తొమ్మిదో గది పదడుగులు. తలుపు తీసి చూపిస్తే అయిపోయేది. ఎవరికీ చూపించనని ఆ పిల్లకి మాట ఇచ్చాను. అమ్మకి చూపించవద్దని రాసిందేమో, చూపించమని రాసిందేమో. వచ్చిన అన్నలకీ, వచ్చిన అమ్మకీ నేను ఒకటే జవాబు చెప్పాను.

మూడో రోజు సాయంత్రం లేస్తూ ఆవిడ నా భుజం పట్టుకుంది. “అది మళ్ళీ ఎప్పుడన్నా ఇటొస్తే చెప్పు. అమ్మ మూడు రోజులు ఇక్కడే కూర్చుందని చెప్పు. కోపం లేదని చెప్పు.” సంచి చంకలో పెట్టుకుని దిగిపోయింది. ఆ సంచిలో పిల్ల కోసం తెచ్చిన రెండు జతల బట్టలు ఉన్నాయి. మొదటి రోజే తీసి నాకు చూపించింది.

అప్పుడైనా ఎవరినైనా పిలిచి చదివించుకోవాల్సింది. మా అత్త తమ్ముడు కూరగాయల మార్కెట్లో గుమాస్తా, చదువొచ్చినవాడు. ఆదివారం అతన్ని తీసుకురావాలని అనుకున్నాను. శుక్రవారం సినిమావాళ్ళు దిగారు.

మద్రాసులో సెట్టు వేసే శక్తి లేక, పై అంతస్తు మొత్తం పదిరోజులకి మాట్లాడుకున్నారు. ఆ గదుల్లోకి బయటివాళ్ళని రానివ్వలేదు. రంగుల సినిమాలు వచ్చేశాక కూడా నలుపు తెలుపులో తీసే సినిమా. కొత్తగా పెళ్ళయినవాళ్ళు ఒక హోటల్లో దిగుతారు. పెళ్ళికూతురు స్నానానికి వెళుతుంది. లోపల పంపు కారుతూనే ఉంటుంది, పిల్ల ఉండదు. ఆ కథ నాకు మేకప్ చేసే ఆవిడ చెప్పింది. తొమ్మిదో గది సంగతి వాళ్ళకెవరు చెప్పారు అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు. ఆ కథ వాళ్ళు మద్రాసు నుంచి రాసుకొచ్చిందే.

లాడ్జీ బోర్డు మీద వాళ్ళు ‘హోటల్’ అని పెద్ద అట్ట కట్టారు. పొద్దున్నే బండి దిగినవాళ్ళు దాన్ని చూసి మెట్లెక్కి రావడం మొదలుపెట్టారు.

“ఇడ్లీ ఉందాండీ?” అని అడిగాడొకాయన.

“ఇడ్లీ లేదు, పిల్ల మాయమవడం ఉంది. కాసేపాగితే పోలీసులొస్తారు, కూర్చోండి” అన్నారు గుమాస్తా గారు.

ఆయనకి ఆ పదిరోజులూ పండగే. డిటెక్టివు వేసుకున్న కోటు కూడా ఆయనదే, పెళ్ళికి కుట్టించుకున్నది. ఒకటే నడవాని ఈ చివర నుంచి ఒకసారి, ఆ చివర నుంచి ఒకసారి తీసి రెండంతస్తులు చేశారు. పట్టపగలు కిటికీలకి మా దుప్పట్లే కట్టి రాత్రి చేశారు.

వాళ్ళు తొమ్మిదో గదే ఎంచుకున్నారు. తలుపు వెనక రాతలు చూసి డైరెక్టరు, “దీన్ని ముట్టుకోవద్దు, కావాలని చేసినా ఇలా రాదు” అన్నాడు. మాయమైన పెళ్ళికూతురు అక్కడ ఒక గుర్తు గీసిపోయినట్టు, డిటెక్టివు టార్చి వేసి దాన్ని కనిపెట్టినట్టు సీను. గుర్తు కోసం ఒక కుర్రాడు ఎర్ర రంగుతో మూడు గీతల త్రిశూలం లాంటిది గీశాడు, సరిగ్గా కాటుక వరుసలకి జానెడు పక్కన.

నేను గుమ్మం బయట బకెట్టుతో నిలబడి చూశాను. గది చీకటి చేశారు. డిటెక్టివు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కెమెరా అతని చెవి పక్క నుంచి తలుపుకి దగ్గరగా పెట్టారు. టార్చి వెలుగు పై నుంచి మెల్లిగా దిగింది. రైలు టైములు, లెక్కలు, గుండెకాయలు. కాటుక రాత మీదికి వచ్చింది. కొంచెం ఆగింది. అక్కడి నుంచి జరిగి ఎర్ర గుర్తు మీద నిలబడింది. “దొరికింది!” అన్నాడు డిటెక్టివు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆఖరి రోజు లైట్ల వేడికి, పొగకి గోడలన్నీ పాడయ్యాయని ఓనరు గొడవ పెడితే, సినిమావాళ్ళే మనుషుల్ని పెట్టి పై అంతస్తుకి సున్నం, తలుపులకి రంగు వేయించారు. నాకు ఆ రోజు సెలవన్నారు. మర్నాడు వెళ్ళి తొమ్మిదో గది తలుపు వెనక చెయ్యి పెడితే అరచేతికి ఆకుపచ్చ రంగు అంటుకుంది.

అలా ఆ నాలుగు వరుసలు లోకంలో ఆ సినిమాలో తప్ప ఇంకెక్కడా లేకుండా పోయాయి.

తరవాత ఆ లాడ్జీ మానేశాను. పిల్లల్ని పెంచాను. ఎక్కడెక్కడో వంటలు చేశాను. టీవీలో పాత సినిమా వస్తుందంటే గంటె పట్టుకునే వచ్చి నిలబడేదాన్ని. క్యాసెట్ల కొట్లలో అడిగాను. “పేరేంటమ్మా?” అంటే పేరు చెప్పేదాన్ని. లేదనేవాళ్ళు. ఒక కొట్టాయన అటువంటి సినిమాయే లేదు పొమ్మన్నాడు. ఆ మాట పట్టుకుని చాలా రోజులు తిరిగాను. సినిమా లేకపోతే తలుపు లేదు, తలుపు లేకపోతే ఆ పిల్ల లేదు. ఒక్కోసారి ఉయ్యూరు బస్సు పక్క నుంచి పోతుంటే, కిటికీలో తెల్లచీర కనబడితే, మొహం తిప్పుకునేదాన్ని.

అరవై దాటాక, నేను వంట చేసే ఇంట్లో రిటైరైన టీచరమ్మ గారు ఉండేవారు. మధ్యాహ్నం అంట్లు అయ్యాక, “నాకు అక్షరాలు చెప్పండమ్మా” అని అడిగాను.

“ఇప్పుడెందుకే నీకు? బ్యాంకులో సంతకమా?”

“కాదండీ. ఒకళ్ళు రాసింది చదవాలి.”

“తీసుకురా, నేను చదివి పెడతాగా.”

“ఇప్పుడు నా దగ్గర లేదండీ. దొరికితే నేనే చదవాలి.”

ఆవిడ కళ్ళజోడు మీదుగా నన్ను చూశారు. పలక తెప్పించారు. రెండేళ్ళు పట్టింది. మొదట బస్సు బోర్డులు, తరవాత మందుల చీటీలు, తరవాత పేపరు. టీచరమ్మ గారు చక్కటి గుండ్రటి అక్షరాలు రాసేవారు. పుల్లతో రాస్తే అక్షరం ఎలా వంకర పోతుందో నేర్చుకోవాలని, ఇంటికి వచ్చి చీపురు పుల్లని కాటుకలో ముంచి నేనే రాసి నేనే చదువుకునేదాన్ని.

పోయిన వేసవిలో మా మనవరాలు కాలేజీ సెలవలకి వచ్చి, నేను చెప్పిన పేరు ఫోనులో కొట్టింది. ఆ పిల్లకది పెద్ద పనేం కాదు. పాత సినిమాలు సేకరించే ఎవరో దాన్ని యూట్యూబులో పెట్టారు.

“అమ్మమ్మా, ఇదేం సినిమా! ఆ కోటు చూడు, బెజవాడ ఎండలో!”

“నవ్వకే. అది మా గుమాస్తా గారి పెళ్ళి కోటు.”

బొమ్మంతా గీతలు, మాటలు గరగర. ఒక చోట నడవా చివర్న, బొమ్మ అంచున, నా చీరకుచ్చెళ్ళు, బకెట్టు కనబడ్డాయి. మొహం లేదు. ఇంకొంచెం పోయాక గది చీకటయింది. డిటెక్టివు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“ఆపు” అన్నాను.

మనవరాలు ఆపింది. రెండు వేళ్ళతో పెద్దది చేసి, “ఏదో రాసి ఉంది అమ్మమ్మా, అ...” అంటుంటే చేత్తో ఫోను మూసేశాను.

“నువ్వు చదవకు. అది నాకు రాసింది.”

ఆ పిల్ల బిత్తరపోయి వంటింట్లోకి వెళ్ళింది. నేను కిటికీ దగ్గరికి జరిగి కూర్చున్నాను. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకున్నాను. చాలాసేపు పట్టింది.

*అక్కా, అన్నయ్యలు వస్తే చెప్పకు.*
*అమ్మ ఒక్కతే వస్తే మాత్రం చెప్పు.*
*నేను వెళ్ళేది*

నాలుగో వరుస మీద వెలుగు లేదు. టార్చి అక్కడికి వచ్చేలోపే ఎర్ర గుర్తు వైపు తిరిగింది. మనవరాలు మళ్ళీ వచ్చి, కొంచెం కొంచెంగా ముందుకీ వెనక్కీ జరిపి చూపించింది. వెలుగు పెంచింది. ఎక్కడ ఆపినా ఆ వరుస నల్లగానే ఉంది.

అమ్మ ఒక్కతే వచ్చింది. ఒక్కదాన్నే వచ్చానని నోటితో కూడా చెప్పింది. నా చేతి టీ తాగి, నేను లేదంటే నమ్మి, మూడు రోజులు తలుపుకి పదడుగుల దూరంలో కూర్చుని వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే ఉయ్యూరు వెళ్ళాను. బస్సు బోర్డు నేనే చదువుకుని ఎక్కాను. పంచదార ఫ్యాక్టరీ వెనక వీధి అని ఆవిడ చెప్పింది నాకు గుర్తుంది. నలుగురిని అడిగితే ఒక ముసలాయనకి తెలిసింది. ఆవిడ పోయి పాతికేళ్ళు దాటిందట. కొడుకులు ఇల్లు అమ్ముకుని ఎటో వెళ్ళారట.

“కూతురు ఉండేదిగా, ఎప్పుడన్నా వచ్చిందాండీ?” అని అడిగాను.

“కూతురా? ఇంట్లోంచి వెళ్ళిపోయిందనేవాళ్ళు. మరి రాలేదు. ఈవిడ మాత్రం బెజవాడ బస్సు వచ్చే వేళకి స్టాండులో కూర్చునేది. అందరూ మతి పోయిందనుకున్నారు. ఇంతకీ మీరేమవుతారమ్మా వాళ్ళకి?”

ఏమీ కానని చెప్పి వచ్చేశాను.

ఆవిడకి చెప్పాల్సింది ఇంక చెప్పలేను. ఆవిడ చెప్పమన్నది ఒకటి నా దగ్గర మిగిలింది. ఆ అమ్మాయి ఎక్కడో ఉంటే నాకన్నా రెండు మూడేళ్ళు చిన్నదే. తను ఉన్న గదిలో ఒక సినిమా తీశారని ఎవరో చెప్పి ఉండొచ్చు. పిల్లలో మనవలో ఫోనులో పెట్టి ఉండొచ్చు.

సినిమా కింద చూసినవాళ్ళు మాటలు రాస్తారని మనవరాలు చూపించింది. ఎవరో డిటెక్టివుని వెక్కిరించారు. ఎవరో ఈ హోటల్ ఎక్కడండీ అని అడిగారు. నేనూ రాస్తానన్నాను. నువ్వు చెప్పు, నేను కొడతానంది. వద్దన్నాను. అక్షరాలు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ ఒక మధ్యాహ్నమంతా కూర్చుని కొట్టాను.

*తొమ్మిదో గదిలో ఉన్న అమ్మాయికి. టార్చి పడిన రాత నువ్వు రాసిందే. నాకు అప్పుడు చదువు రాదు. వచ్చని నీకు అబద్ధం చెప్పాను. మీ అమ్మ ఒక్కతే వచ్చింది. నేను చెప్పలేదు. మూడు రోజులు మెట్ల మీద కూర్చుంది. నీకు కోపం లేదని చెప్పమంది. ఊడ్చే అక్క.*

మనవరాలు చదివి, “నీకు కోపం లేదని కాదు అమ్మమ్మా, నీ మీద కోపం లేదని కదా ఉండాలి” అని దిద్దింది. దిద్దాక పంపించాను.

అన్నం తిన్నాక రోజూ తెరిచి చూస్తాను. దాని కింద ఒకరు నవ్వే బొమ్మ పెట్టారు. ఒకరు ‘మంచి కథ’ అని రాశారు. ఎంతమంది చూశారో అక్కడ వేస్తుంది. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఇంకో పదకొండు మంది చూశారు. వాళ్ళలో ఎవరైనా సినిమా అంతా వదిలేసి ఆ తలుపు దగ్గరే ఆపారేమో, తెలుసుకునే దారి లేదు. ఇవాళ కూడా అక్కడ ఆపి చూశాను. నాలుగో వరుస నల్లగానే ఉంది.